సిమెంట్ గురించి తాపీ మేస్త్రీలకు, స్లాబు కాంట్రాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

మేస్త్రీ గారికి, కాంట్రాక్టర్ గారికి నమస్కారం.

ఇల్లు కట్టుకునేవాళ్లు సిమెంట్ సంగతి మొదట అడిగేది మిమ్మల్నే. "ఏ కంపెనీది తెమ్మంటారు? 43 గ్రేడా, 53 గ్రేడా? ఎన్ని బస్తాలు పడతాయి?" అని. మీరు ఏది చెబితే అదే బండెక్కి వస్తుంది. చాలా ఇళ్లకు ఇంజనీరు గీసిన డ్రాయింగే ఉండదు. ఉన్నా, ఆయన స్లాబుకు ముందురోజు వచ్చి కడ్డీలు చూసి వెళ్లిపోతాడు. మిల్లర్ (కాంక్రీట్ కలిపే యంత్రం) పక్కన నిలబడి నీళ్లు పోయించేది మీరే. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం. ఇంటివాళ్లు చదివినా నష్టం లేదు.

మా మనవి ఇది. ఏ సిమెంట్ తేవాలన్న దాని మీద జరిగే చర్చలో సగమైనా, అందులో ఎన్ని లీటర్ల నీళ్లు పోయాలి, వేశాక ఎన్నాళ్లు తడపాలి అన్నదాని మీద జరగాలి. ఐఎస్ఐ మార్కు ఉన్న తాజా సిమెంట్ ఏదైనా సరే, దాంతో మంచి స్లాబు వేయొచ్చు. అదే సిమెంట్‌తో పనికిమాలిన స్లాబూ వేయొచ్చు. తేడా వచ్చేదంతా బస్తా విప్పిన తర్వాతే.

ముందు ఆ అంకెల సంగతి. 53 గ్రేడ్ అంటే స్లాబుకు 53 బలం వస్తుందని చాలామంది నమ్మకం. ఆ అంకె స్లాబుది కాదు. ల్యాబులో ఒక వంతు సిమెంట్‌కు మూడు వంతుల ప్రామాణిక ఇసుక కలిపి, 70.6 ఎంఎం ఘనాలు పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, మిషన్లో నొక్కితే చదరపు మిల్లీమీటరుకు కనీసం 53 న్యూటన్ల బరువు ఆగాలి. 43 గ్రేడ్‌కు అదే పరీక్షలో 43 చాలు. మీరు వేసే ఎం20 స్లాబుకు కావాల్సిన బలం వేరే పరీక్షతో తేలుతుంది. అక్కడ కంకరతో పోసిన 150 ఎంఎం ఘనం 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. నీళ్లు హద్దులో ఉంటే 43తోనూ అది వస్తుంది, ఫ్లైయాష్ కలిపిన పీపీసీతోనూ వస్తుంది. నీళ్లు హద్దు దాటితే 53 తెచ్చినా రాదు.

పీపీసీ అంటే చాలా సైట్లలో చిన్నచూపు. "బూడిద కలిపిన సిమెంట్" అని పక్కన పెట్టేస్తారు. బూడిద కలిపిన మాట నిజమే. థర్మల్ ప్లాంట్ల ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది, అది దొంగచాటు కల్తీ కాదు, ప్రమాణం ఒప్పుకున్నదే. సిమెంట్ నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం లాంటి పదార్థం ఒకటి విడుదలవుతుంది. ఓపీసీ (43, 53 గ్రేడ్ల మామూలు సిమెంట్) కాంక్రీట్‌లో అది అలాగే ఉండిపోయి, చెమ్మ తగిలినప్పుడల్లా కరిగి, తెల్లటి చారలుగా బయటికి వస్తుంది. పీపీసీలోని ఫ్లైయాష్ ఆ సున్నాన్ని పట్టుకుని మరికొంత జిగురు పదార్థంగా మారుస్తుంది. సందులు పూడుకుంటాయి, నీరు ఊరడం తగ్గుతుంది, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి కూడా తక్కువే. కానీ ఆ పని నెమ్మదిగా, వారాల తరబడి, తడి ఉన్నంతకాలమే జరుగుతుంది. ప్రమాణం ప్రకారం మూడు రోజులకు 53 గ్రేడ్ కనీసం 27 న్యూటన్లు, 43 గ్రేడ్ కనీసం 23 న్యూటన్లు చేరాలి. పీపీసీకి 16 చేరితే చాలు. పీపీసీ స్లాబు బలహీనంగా ఉందని ఫిర్యాదు వచ్చిన చోట, వారం కూడా తడపకుండా, ఓపీసీ లెక్కన సెంట్రింగ్ (కాంక్రీట్ గట్టిపడేదాకా మోసే రేకులు, జాకీలు) విప్పేశారేమో ముందు చూడాలి. తప్పు బస్తాది కాకపోవచ్చు.

ఎక్కడ ఏది వాడాలో చెప్పమంటే, మా అభిప్రాయం ఇది. గోడల కట్టుబడికి, ప్లాస్టరింగ్‌కు పీపీసీ మేలు. పునాదులకు, ఫుటింగులకు కూడా అదే. పిల్లర్లకు, బీములకు, స్లాబులకు 43 ఓపీసీ గానీ పీపీసీ గానీ వాడొచ్చు. పీపీసీ అయితే తడపడం, సెంట్రింగ్ ఉంచడం ఇంకొన్ని రోజులు ఎక్కువ చేసే ఓపిక ఉండాలి. 53 గ్రేడ్ త్వరగా బలం రావాల్సిన పనులకు, అంటే ముందుగా పోత పోసిన దిమ్మెలకు, పెద్ద బలం అడిగే కాంక్రీట్‌కు పుట్టింది. మామూలు ఇంటి ప్లాస్టరింగ్‌కు దాన్ని వాడితే లాభం లేకపోగా, మాలు బిగుసుకుపోయి గోడ నిండా సన్నటి నెర్రెలు వస్తాయి. ఉప్పు నేలల్లో, సముద్రానికి దగ్గరి పునాదుల్లో స్లాగ్ (ఉక్కు ప్లాంట్లలో మిగిలే వ్యర్థం) కలిపిన సిమెంట్, అంటే పీఎస్‌సీ మంచిది. సల్ఫేట్ తట్టుకునే ప్రత్యేక సిమెంట్ ఒకటుంది గానీ, నేలలో సల్ఫేట్‌తో పాటు క్లోరైడ్ కూడా ఉంటే అది సరైన ఎంపిక కాదు. అక్కడ స్లాగ్ సిమెంట్ వైపే వెళ్లాలి. ఒకే స్లాబులో సగం ఒక రకం, సగం మరో రకం వేయకండి. గట్టిపడే వేగం తేడా వస్తుంది, రంగూ తేడా వస్తుంది. పీపీసీలో ఇంకాస్త ఫ్లైయాష్ కలిపే పని అసలే వద్దు.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నల్లగా ఉంటే గట్టి సిమెంట్, తెల్లగా ఉంటే నాసిరకం అనేది వట్టి మాట. రంగు ముడిరాయిలోని ఇనుమును బట్టి, ఫ్లైయాష్‌ను బట్టి మారుతుంది. గుప్పెడు సిమెంట్ బకెట్‌లో వేసి తేలిందా మునిగిందా చూడటం కూడా అలాంటిదే. బస్తాలో చెయ్యి పెడితే చల్లగా ఉండాలనడమూ అంతే, ప్లాంటు నుంచి నిన్న దిగిన బస్తా వెచ్చగానే ఉంటుంది. చూడాల్సింది బస్తా మీది అచ్చు. ఏ వారం, ఏ సంవత్సరం ప్యాక్ చేశారో దాని మీద ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. అనుమానం వస్తే ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. కుట్టు విప్పి మళ్లీ కుట్టినట్టుంటే ఆ బస్తా వెనక్కి పంపండి. లోపల గడ్డలుంటే వేళ్లతో నలపండి. పొడిగా విడిపోతే అది ఒత్తిడికి అతుక్కున్నది, వాడుకోవచ్చు. రాయిలా ఉండి విరగ్గొట్టాల్సి వస్తే తేమ తగిలి అప్పటికే గట్టిపడిందన్నమాట. అలాంటి గడ్డలను జల్లించి మిగతాది స్లాబుకు వాడటం ఎంతమాత్రం తగదు. గడ్డ కట్టని భాగం కూడా సత్తువ కోల్పోయే ఉంటుంది.

ఇంకాస్త నమ్మకమైన పరీక్ష కావాలంటే, కొంచెం సిమెంట్‌ను గట్టి ముద్దగా కలిపి గాజు పలక మీద అప్పడంలా పరిచి, తడిగోనె కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత నీళ్లలో మరో రోజు ఉంచండి. మెత్తబడకుండా, అంచులు పగలకుండా, గోరుతో గీస్తే గీత పడకుండా ఉంటే ఆ సిమెంట్ గట్టిపడే గుణం ఉన్నదే. ఎంత బలం వస్తుందో మాత్రం దీంతో తెలియదు, దానికి ల్యాబుకు పంపాల్సిందే.

నిల్వ విషయంలో రెండు మాటలు. నేల మీద కాకుండా 15, 20 సెంటీమీటర్ల ఎత్తున చెక్కలు వేసి పేర్చండి. గోడకు ఒకటిన్నర అడుగు ఎడం వదలండి. పది వరసలకు మించి ఎత్తు పోకూడదు, ఎనిమిది దాటితే అడ్డం నిలువుగా మార్చి పేర్చండి. పైన టార్పాలిన్ ఒక్కటే సరిపోదు, నేల చెమ్మ కిందినుంచి వస్తుంది. ముందు వచ్చింది ముందు వాడాలి, అంటే పాత బస్తాలు వెనక మూల పడిపోకుండా పేర్చాలి. మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంట్ బలం దాదాపు ఐదో వంతు, ఆరు నెలలైతే దాదాపు మూడో వంతు తగ్గుతుందని లెక్క. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించకుండా పిల్లర్‌లోకి, స్లాబులోకి పోనివ్వకండి.

ఇప్పుడు కొలతలు. తట్టల లెక్కతో కాంక్రీట్ కలపడం ఆపేయమని గట్టిగా అడుగుతున్నాం. ఒకరు తట్ట నిండుగా ఎత్తుతారు, ఇంకొకరు వెలితిగా. మధ్యాహ్నం అయ్యేసరికి అందరివీ వెలితే. 50 కిలోల బస్తా ఒకటి సుమారు 35 లీటర్ల చోటు తీసుకుంటుంది. లోపలి కొలత 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 40 ఎత్తు ఉండేలా రేకుతో గానీ చెక్కతో గానీ ఒక పెట్టె చేయించండి. అది సరిగ్గా 35 లీటర్లు పడుతుంది. ఎం20 కోసం వాడే 1:1.5:3 పాళ్లకు ఒక బస్తా సిమెంట్, పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల 20 ఎంఎం కంకర. పెట్టె అంచు మీద కర్రతో చదును చేయాలి, గోపురం పెట్టకూడదు. సిమెంట్‌ను మాత్రం పెట్టెతో కొలవొద్దు, బస్తా బస్తాగానే వేయండి. పొడి సిమెంట్ దులిపితే ఒకలా, కుదిపితే ఒకలా కూర్చుంటుంది.

ఇసుకలో ఒక తిరకాసు ఉంది. తడిసిన ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర పట్టి ఒకదానికొకటి దూరం జరుగుతాయి. నాలుగైదు శాతం తేమ ఉన్న సన్న ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బినట్టు కనిపిస్తుంది. దాన్ని పెట్టెన్నర కొలిస్తే నిజంగా పడేది పెట్టెంబావుకు మించదు. కొలిచేందుకు గాజు సీసా ఒకటి చాలు. తడి ఇసుక అదమకుండా 20 సెంటీమీటర్ల ఎత్తుకు పోయండి. తర్వాత ఇసుక పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి, కలియబెట్టి, అడుక్కి చేరనివ్వండి. మట్టం 16 సెంటీమీటర్లకు దిగిందంటే ఇసుక నాలుగో వంతు ఉబ్బి ఉంది. అప్పుడు పెట్టెన్నర బదులు రెండు పెట్టెలకు కాస్త తక్కువ వేయాలి. అదే సీసాలో ఇసుక పైన మట్టి పొర ఎంత పేరుకుందో కూడా కనబడుతుంది. మందంగా ఉంటే ఆ ఇసుక కడగాలి లేదా మార్చాలి. రాతి ఇసుక వాడుతున్నట్టయితే, ప్లాంటులో కడిగి జల్లించినదే తెప్పించండి. క్రషర్ డస్ట్ దానికి బదులు కాదు. ఆ దుమ్ము నీళ్లు విపరీతంగా తాగుతుంది, తర్వాత మీరు పోసే ప్రతి అదనపు బకెట్‌కూ అదే సాకవుతుంది.

ఇక నీళ్లు. ఈ లేఖ రాసిందే దీనికోసం.

ఎం20 పాళ్లకు బస్తాకు 30 లీటర్లు గరిష్ఠ హద్దు. 27 దగ్గర పని జరిగితే ఇంకా మంచిది. ఈ 30లో ఇసుకతో వచ్చే తడి కూడా కలిసే ఉంటుంది. పెట్టెన్నర ఇసుక పొడిగా తూస్తే సుమారు 80 కిలోలు. అందులో ఐదు శాతం తేమ ఉందంటే నాలుగు లీటర్లు ఇసుకే తెచ్చింది. అప్పుడు మిల్లర్‌లో పోయాల్సింది 26 మాత్రమే. వాన పడ్డ మర్నాడు కూడా నిన్నటి లెక్కే పోస్తే స్లాబు పలచబడటం ఖాయం. బకెట్‌కు లోపల పది లీటర్ల దగ్గర పెయింట్‌తో గీత గీయించండి. పైపు పెట్టి కళ్లతో చూస్తూ పోయడం మానండి.

సిమెంట్ పూర్తిగా గట్టిపడటానికి కావాల్సిన నీళ్లు దాని బరువులో 38 శాతం, అంటే బస్తాకు 19 లీటర్లే. మిగతాదంతా కాంక్రీట్ కదలడానికి, అచ్చులో కూర్చోడానికి. ఆ మిగులు నీరు ఏదో ఒక రోజు ఆవిరై పోవాల్సిందే. పోతూ పోతూ తానున్న చోటును ఖాళీగా వదిలి వెళ్తుంది. ఆ సన్నటి దారుల్లోనే రేపు వాన నీరు దిగుతుంది, గాలి చొరబడుతుంది, కడ్డీకి తుప్పు పడుతుంది. నీటికీ సిమెంట్‌కూ ఉండే నిష్పత్తే కాంక్రీట్ బలాన్ని తేలుస్తుందని అమెరికా ఇంజనీరు డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే ప్రకటించాడు. నూరేళ్లు దాటినా ఆ లెక్క మారలేదు. బస్తాకు 30 పోయాల్సిన చోట 40 పోస్తే బలంలో మూడో వంతుకు పైనే పోతుంది. పది లీటర్లంటే ఒక్క బకెట్. మీరు 43 వద్దని 53 తెప్పించి సంపాదించిన దానికన్నా ఆ ఒక్క బకెట్‌తో పోయేదే ఎక్కువ.

నీళ్లు ఎక్కువైతే అక్కడికక్కడే తెలిసిపోతుంది కూడా. తట్ట తిరగేస్తే కంకర ఒకచోట, సిమెంట్ పాలు ఒకచోట పరుగెడతాయి. సెంట్రింగ్ రేకుల సందుల్లోంచి సిమెంట్ పాలు కింద కారతాయి. ఆ కారేది నీళ్లు కాదు, సిమెంటే. చదును చేసిన అరగంటకు స్లాబు మీద నీళ్లు తేలతాయి, వాటితో పాటు మెత్తటి బురద పైకి వస్తుంది. ఆరాక గోకితే ఆ పొర పొడిగా రాలుతుంది. తేలిన నీటిని ఆర్పడానికి పైన పొడి సిమెంట్ చల్లడం మన సైట్లలో మామూలైపోయింది. దయచేసి చల్లకండి. పైన సన్నటి బలమైన పెంకు, కింద బలహీనమైన పొర తయారై, పెంకు సాలెగూడులా పగులుతుంది. నీళ్లు తేలితే ఆవిరయ్యేదాకా ఆగి, అప్పుడు తాపీ పెట్టండి.

"అంత గట్టిగా ఉంటే కూలీలు పరచలేరు, బీముల్లో కడ్డీల మధ్య దిగదు" అంటారు. ఆ ఇబ్బంది నిజమే. దానికి మందు నీళ్లు కాదు, మూడు దార్లున్నాయి. ఒకటి, కాంక్రీట్ జారేలా చేసే అడ్మిక్చర్. డబ్బా మీద రాసిన మోతాదు చూసి, సిమెంట్ బరువుకు లెక్కగట్టి, నీళ్లలో కలిపి పోయండి. నీళ్లు తగ్గించకుండా అది మాత్రం పోస్తే ఫలితం తలకిందులవుతుంది. రెండు, కడ్డీలు కిక్కిరిసిన బీముల్లోకి 20 ఎంఎం కంకరలో కొంత భాగం బదులు 10 ఎంఎం వాడటం. మూడు, నీళ్లు పెంచక తప్పదంటే సిమెంట్ కూడా పెంచడం. అదనంగా పోసే ప్రతి మూడు లీటర్లకు ఐదు కిలోల సిమెంట్ చేరాలి. ఆ లెక్క కట్టాక చాలామంది మూడో దారి వదిలేసి మొదటిదాని వైపే వస్తారు.

ఏ నీళ్లు అన్నది కూడా చూడండి. తాగడానికి పనికొచ్చేవి కాంక్రీట్‌కూ పనికొస్తాయి. ఉప్పు బోరు నీళ్లతో కడ్డీ ఉన్న కాంక్రీట్ కలపకూడదు. కడ్డీలున్న చోట లీటరు నీటిలో క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు మించొద్దని కాంక్రీట్ పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ నీళ్లతో తడపడం కూడా మంచిది కాదు.

మిల్లర్‌లో అన్నీ పడ్డాక కనీసం రెండు నిమిషాలు తిరగనివ్వండి. ముందు కొద్దిగా నీళ్లు, కంకర, ఆ తర్వాత ఇసుక, సిమెంట్, చివర్లో మిగతా నీళ్లు. పోసిన కాంక్రీట్ బిగుసుకోవడం మొదలయ్యాక మళ్లీ నీళ్లు చల్లి మెత్తబరచడం కుదరదు. సిమెంట్‌కు అరగంటలోపు బిగుసుకోకూడదన్న నిబంధన ఉంది గానీ, ఎండలో, గాలిలో కాంక్రీట్ త్వరగా బిగుసుకుపోతుంది. కలిపిన అరగంటలో అచ్చులో కూర్చోబెట్టేయాలి. మిల్లర్ చెడిపోయి పని ఆగితే, స్లాబును ఎక్కడపడితే అక్కడ ఏటవాలుగా వదిలేయకండి. రెండు బీముల మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే నడిమి భాగంలో, చెక్క అడ్డం పెట్టి నిలువుగా ఆపండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ ముఖాన్ని ఇనుప బ్రష్‌తో గీకి, కడిగి, తడిపి, చిక్కటి సిమెంట్ పాలు పూసి వెంటనే కాంక్రీట్ వేయండి. పూసిన పాలు ఆరిపోయాక వేస్తే పూయనట్టే.

వైబ్రేటర్ (కాంక్రీట్‌ను కుదిపి గాలి తీసే యంత్రం) నీడిల్ నిలువుగా దించాలి, బుడగలు ఆగేదాకా, అంటే ఐదు నుంచి పదిహేను సెకన్లు ఉంచి మెల్లగా పైకి తీయాలి. అడుగు దూరానికొకసారి దించితే సరిపోతుంది. దాంతో కాంక్రీట్‌ను ఒకచోట నుంచి మరోచోటికి లాక్కెళ్లకూడదు, కంకర విడిపోతుంది. కాంక్రీట్‌లో ఒక్క శాతం గాలి మిగిలినా బలం సుమారు ఐదు శాతం పడిపోతుంది. పిల్లర్ అడుగున కనిపించే తేనెపట్టు లాంటి బొక్కలు అలా వచ్చేవే. సెంట్రింగ్ విప్పాక వాటి మీద మాలు రాసి మూసేయడం కన్నా, వదులుగా ఉన్నదంతా కొట్టేసి, ఇంజనీరుకు చూపించి పూడ్చడం మీకూ క్షేమం.

బస్తాల లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాం, ఎందుకంటే ఇంటివాళ్లకూ మీకూ గొడవ వచ్చేది దీని దగ్గరే. 1:1.5:3 పాళ్లలో ఘనమీటరుకు ఎనిమిది బస్తాలు పడతాయి. ఒక బస్తాకు వచ్చే కాంక్రీట్ సుమారు 4.4 ఘనపుటడుగులు. వెయ్యి చదరపుటడుగుల స్లాబు ఐదంగుళాల మందం అయితే, బీములు వదిలేసి సుమారు 95 బస్తాలు. 75తో సరిపెడతానని ఒక కాంట్రాక్టర్ అంటే అక్కడ పాళ్లైనా మారి ఉండాలి, మందమైనా తగ్గి ఉండాలి. అదే పనికి 95 అడిగే మేస్త్రీ ఇంటివాళ్లను దోచుకుంటున్నట్టు కాదు. ఈ లెక్క కాగితం మీద వేసి ముందే చూపించండి.

తడపడం దగ్గరికి వద్దాం. మేం చూసిన స్లాబుల్లో ఎక్కువ పగుళ్లు మొదటి కొన్ని గంటల్లోనే పుడతాయి, వాటికి సెంట్రింగ్‌తోనూ కడ్డీలతోనూ సంబంధం ఉండదు. ఎండ, వేడిగాలి కలిసి పైనున్న తడిని లోపలి తడి పైకి వచ్చే వేగం కన్నా వేగంగా లాగేస్తే, ఇంకా పచ్చిగా ఉన్న కాంక్రీట్ పైపొర కుంచించుకుపోయి చీలుతుంది. మధ్యాహ్నం పూట వేసిన స్లాబు మీద సాయంత్రానికే అడుగు, అడుగున్నర పొడవు నెర్రెలు కనబడేది అందుకే. తాపీ పని అయిన చోటనుంచి అయినంతవరకు ప్లాస్టిక్ షీటు గానీ తడి గోనె గానీ కప్పుకుంటూ పోండి, మొత్తం స్లాబు అయ్యేదాకా ఆగకండి. వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టండి. మర్నాడు గట్లు కట్టి మడుల్లా నీళ్లు నిలపండి. ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ అయితే కనీసం 7 రోజులు, పొడి వేడి వాతావరణంలో 10 రోజులు. పీపీసీ, పీఎస్‌సీ అయితే కనీసం 10, 14 దాకా పొడిగిస్తే మేలు. రోజుకు రెండుసార్లు పైపుతో నీళ్లు కొట్టి తడిపామనుకోవడం సరిపోదు. మధ్యలో ఎండిపోతే సిమెంట్ పని ఆపేస్తుంది, మళ్లీ తడిపినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు. పిల్లర్లను అందరూ మర్చిపోతారు. వాటికి గోనెపట్టాలు చుట్టి, తాడు కట్టి, పట్టా ఎప్పుడూ తడిగా ఉండేలా చూడాలి. ఈ పని ఇంటివాళ్లదా మీదా అన్న వాదన రాకుండా మాట్లాడుకునేటప్పుడే తేల్చేయండి. తేల్చని చోట ఎవరూ తడపరు.

సెంట్రింగ్ విప్పే తొందర మాకు అర్థమవుతుంది. రేకులు, జాకీలు అద్దెవి, వేరే సైట్‌కు వెళ్లాలి. అయినా ఈ హద్దులు దాటకండి: పిల్లర్ల పక్క రేకులు 16 నుంచి 24 గంటలకు విప్పొచ్చు. స్లాబు కింది జాకీలు నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్‌కు (ఆధారాల మధ్య దూరానికి) 7 రోజులు, అంతకు మించితే 14. బీముల కింది జాకీలు ఆరు మీటర్ల లోపు 14, మించితే 21 రోజులు. ఇవి ఓపీసీకి రాసినవి. పీపీసీ అయితే ఇంకొన్నాళ్లు ఉంచాలి, ఎన్నాళ్లన్నది ఇంజనీరుతో తేల్చుకోండి. స్లాబు వేసిన రోజే మూడు ఘనాలు పోసి ఉంచితే ల్యాబు చెప్పే అంకెను బట్టి నిర్ణయం తీసుకోవచ్చు, ఊహల మీద పని ఉండదు. పై అంతస్తు స్లాబు వేస్తున్నప్పుడు కింది స్లాబు జాకీలు తీసేసి ఉంటే, ఆ పచ్చి కాంక్రీట్ బరువంతా కింది స్లాబే మోయాలని మర్చిపోకండి.

ప్లాస్టరింగ్‌లో సిమెంట్ ఎక్కువ వేస్తే గట్టిదనం వస్తుందనుకోవడం కూడా పొరపాటే. సిమెంట్ పెరిగేకొద్దీ మాలు కుంచించుకోవడం పెరుగుతుంది. లోపలి గోడలకు 1:6 పాళ్లలో 12 ఎంఎం చాలు. బయటి గోడలకు 1:4, రెండు పూతలుగా మొత్తం 20 ఎంఎం దాకా. సీలింగ్‌కు 1:4, ఆరు ఎంఎం మందం. ఇటుక గోడను ముందే తడపాలి, లేకపోతే ఇటుక మాలులోని నీళ్లు తాగేసి పూత గుల్లబారుతుంది. పిల్లరూ ఇటుకా కలిసే చోట కోళ్లమెష్ (సన్నటి ఇనుప వల) కొట్టకపోతే ఆ గీత వెంటే పగులుతుంది, ఏ సిమెంట్ వాడినా పగులుతుంది. పొద్దున్నే తడి ఇసుకలో రోజంతటికీ సరిపడా సిమెంట్ కలిపి కుప్ప పోసే అలవాటు మానాలి. ఇసుక తడికే సిమెంట్ పని మొదలుపెట్టేస్తుంది, సాయంత్రం మీరు గోడకు కొట్టేది సగం చచ్చిన మాలు. నీళ్లు పోసిన మాలు రెండు గంటల్లో అయిపోవాలి. మిగిలింది పారేయండి.

చివరిగా, మీ ముఠాలో కాంక్రీట్ తొక్కేవాళ్ల గురించి. తడి సిమెంట్ ఘాటైన క్షారం. తగలగానే మంట పుట్టదు, అందుకే ప్రమాదం. ప్యాంటు మోకాళ్ల దగ్గర తడిసి రెండు మూడు గంటలు అలాగే ఉంటే సాయంత్రానికి చర్మం ఊడి పుండవుతుంది. గమ్‌బూట్లు, రబ్బరు గ్లవ్స్ కొనండి. గ్లవ్స్ లోపలికి మాలు పోతే తీసి కడుక్కోవాలి, లేకపోతే తొడుక్కోకపోవడం కన్నా ఎక్కువ హాని. మిల్లర్ నీళ్ల డ్రమ్ము వేరు, చేతులు కడుక్కునే మంచినీళ్ల డ్రమ్ము వేరుగా పెట్టించండి. కంట్లో పడితే పావుగంటకు తక్కువ కాకుండా మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నలపనివ్వకండి.

ఇట్లు,
సైట్లలో కాంక్రీట్ నాణ్యత చూసే ఇంజనీర్లం